ఆరోగ్య బీమా: ఏ కుటుంబానికి ఎంత అవసరం?

దేశంలో వైద్యానికి అయ్యే మొత్తం వ్యయంలో ప్రజలు నేరుగా తమ జేబు నుంచి భరించే వాటా 2013-14లో 64.2 శాతం కాగా, 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గినట్లు జాతీయ ఆరోగ్య లెక్కలు వెల్లడించాయి. ఈ తగ్గుదల హర్షించదగినదే. అయితే మిగిలిన భారం అందరిపైనా సమానంగా పడదు. ఒక్క గుండె ఆపరేషన్‌తో పొలమో, బంగారమో తాకట్టుకు చేరే ఇళ్లకు సగటు లెక్కలు ఓదార్పు కాజాలవు.

ప్రైవేటు బీమా కొనదలచినవారు ముందుగా తేల్చుకోవలసింది తమకు ఇప్పటికే ఉన్న రక్షణ ఏమిటన్నది. నెలకు రూ.21 వేల లోపు వేతనం పొందే కార్మికులకు, వారి కుటుంబాలకు ఈఎస్ఐ ఉన్నది. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ, విభజన అనంతరం రెండు రాష్ట్రాలలోను కొనసాగుతోంది. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో దాని పరిమితిని రూ.10 లక్షలకు పెంచింది. కేంద్రం 2018లో ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ కింద అర్హత గల కుటుంబానికి ఏటా రూ.5 లక్షల వరకు వైద్యం ఉచితం. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా దీనిని వర్తింపజేశారు. ఇటువంటి రక్షణ గల కుటుంబం, తమ ఊరికి అందుబాటులో ఉన్న మంచి ఆసుపత్రి ఆ పథకంలో ఉన్నదో లేదో విచారించుకొనక మునుపే ప్రీమియం చెల్లించడం తొందరపాటే అవుతుంది.

అసలు చిక్కు మధ్యలో ఉన్నవారిది. ఉచిత పథకాలకు అర్హులు కాక, బీమా కొనుక్కొనే అలవాటూ లేక, ఏ ఆర్థిక రక్షణా లేకుండా మిగిలిన వారు జనాభాలో కనీసం 30 శాతం, అంటే సుమారు 40 కోట్ల మంది ఉన్నారని నీతి ఆయోగ్ 2021 నాటి నివేదికలో పేర్కొన్నది. చిన్న వ్యాపారులు, స్వయం ఉపాధిపరులు, చిన్న సంస్థల ఉద్యోగులు ఎక్కువగా ఈ కోవకే చెందుతారు. బీమా అవసరం అందరికంటె వీరికే ఎక్కువ.

కంపెనీ ఇచ్చే బృంద బీమాతో నిశ్చింతగా ఉన్నవారి పరిస్థితి కూడా అంత భద్రమైనది కాదు. ఉద్యోగం పోయిననాడే ఆ రక్షణా పోతుంది. యాభై ఏళ్లు దాటి, మధుమేహమో రక్తపోటో వచ్చిన తరువాత కొత్త పాలసీ కోసం వెదికితే ప్రీమియం అధికంగా ఉండటమే కాక, అప్పటికే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు వేచి ఉండవలసి రావచ్చు. 2024 ఏప్రిల్‌కు ముందు ఈ గడువు నాలుగేళ్లు ఉండేది. అందుచేత ఆరోగ్యంగా ఉన్న రోజులలోనే చిన్న మొత్తానికైనా సొంత పాలసీ ఉంచుకోవడం మేలు.

పాలసీ ఎంపికలో చాలామంది ప్రీమియాన్నే చూస్తారు. గది అద్దెపై ఉన్న పరిమితిని చూడరు. ఉదాహరణకు రూ.3 లక్షల పాలసీలో గది అద్దె రోజుకు ఒక శాతానికి, అంటే రూ.3 వేలకు పరిమితం అనుకొందాం. రోగి రూ.6 వేల గదిలో నాలుగు రోజులు ఉన్నాడు. అద్దె రూ.24 వేలలో సగమే వస్తుంది. అంతటితో ఆగదు. గదిని బట్టి రుసుములు మారే ఆసుపత్రి అయితే శస్త్రచికిత్స, వైద్యుల రుసుము రూ.లక్షలోనూ సగానికి కోత పడుతుంది. మందులు, పరీక్షలకు అయిన రూ.40 వేలకు ఈ కోత లేదు. మొత్తం బిల్లు రూ.1.64 లక్షలలో బీమా సంస్థ ఇచ్చేది రూ.1.02 లక్షలు, రూ.62 వేలు ఇంటివారే కట్టుకోవాలి. పాలసీ మొత్తంలో సగమైనా ఖర్చు కాకపోయినా ఇంత భారం!

ఉన్న జబ్బును దాచడం అంతకంటె ప్రమాదకరం. దరఖాస్తు నింపే ఏజెంటు "ఇవన్నీ రాయనక్కర లేదండీ" అని చెప్పినా సంతకం చేసినవారిదే బాధ్యత. వరుసగా ఐదేళ్లు పాలసీ కొనసాగితే మోసం రుజువైతే తప్ప, సమాచారం దాచారన్న కారణంతో క్లెయిమును తిరస్కరించరాదన్న నిబంధన ఉన్నది గాని, ఆ ఐదేళ్లలోపే ఆపరేషన్ అవసరమైతే దిక్కేమిటి? పత్రం చేతికి అందిన తరువాత 30 రోజులలోగా నచ్చకపోతే వెనక్కు ఇవ్వవచ్చు. ఆ గడువులో మినహాయింపుల పేజీని తప్పక చదవాలి.

ఖర్చు విషయంలో కొంత ఊరట లభించింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ పాలసీల ప్రీమియంపై 18 శాతం జీఎస్టీని తొలగించారు. ఆదాయపు పన్నులో ప్రీమియం మినహాయింపు మాత్రం పాత విధానం ఎంచుకున్నవారికే దక్కుతుంది. కుటుంబమంతటికీ ఒకే పాలసీ తీసుకుంటే సాధారణంగా అందరిలో పెద్దవారి వయస్సును బట్టి ప్రీమియం నిర్ణయిస్తారు గనుక వృద్ధులైన తల్లిదండ్రులకు విడిగా తీసుకోవడమే లాభం.

క్లెయిము తిరస్కరణకు గురైతే ముందు బీమా సంస్థకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఏడాదిలోగా ఆశ్రయించవచ్చు. ఇందుకు రుసుము లేదు, న్యాయవాది అక్కర లేదు. తెలుగువారి కోసం ఈ కార్యాలయం హైదరాబాదులో ఉన్నది.