వసంతమున నల్లమల కాలినడక: ముందు యోచింపవలసిన విషయములు

వసంతకాలమున వీపున చిన్న సంచి తగిలించుకొని, పల్లెదారులను బట్టి నాలుగు దినములు నడచివచ్చుట ఆంగ్లదేశీయులకు మిక్కిలి ప్రియమైన సెలవు వినోదము. అచ్చట 1949లో చేసిన చట్టమొకటి పల్లెల నడకదారులను పటములపై నమోదు చేయించి, ప్రజలకు వానిపై నడచు హక్కును స్థిరపరచినది. టామ్ స్టీఫెన్‌సన్ అను పత్రికారచయిత 1935లో ప్రతిపాదించిన పెన్నైన్ మార్గము 1965 ఏప్రిల్ 24న ప్రారంభమైనది. దాని పొడవు 268 మైళ్లు, అనగా సుమారు 431 కిలోమీటర్లు. అచ్చటి బాటసారి బయలుదేరుటకు ముందు యోచించునది వానను గూర్చి, బురదను గూర్చి, రాత్రి బసను గూర్చి.

మనకు ఇట్టి నడక లేదని తలపరాదు. మనవారు దానిని వినోదమని పిలువలేదు, యాత్ర యనిరి. మహాశివరాత్రికి తెలుగువారును, ఉగాదికి కన్నడదేశపు భక్తులును నల్లమల యడవిలో కాలినడకను శ్రీశైలము చేరుట తరతరముల వాడుక. విద్యానగర్, నల్లకుంట, చిక్కడపల్లి వంటి పేటలనుండి మొక్కు తీర్చుకొనుటకై పోవు పెద్దలును, అడవి చూడగోరి పోవు యువకులును కలరు. భక్తి యున్నను, ఉత్సాహమున్నను, ముందుచూపు లేనిచో ఈ నడక ప్రాణముమీదికి రాగలదు. మన బాటసారి మొదట యోచింపవలసినది వానను గూర్చి కాదు, నీటిని గూర్చి.

ఈ మాటకు ఆ దారియే సాక్ష్యము. నంద్యాల జిల్లా ఆత్మకూరు సమీపమున వెంకటాపురము కలదు. అచ్చటినుండి అడవిలో ప్రవేశించిన యాత్రికుడు నాగలూటి, దామెర్లకుంట, పెచ్చెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారము దాటి, హాటకేశ్వరము మీదుగా శ్రీశైలము చేరును. ఈ పేరులను మరల నొకసారి చదువుడు. కుంట, చెరువు, బావి, కొలను! మన పూర్వులు కోసులను లెక్కించి మజిలీలను ఏర్పరుపలేదు. నీరున్న చోటనే ఆగిరి. నీటి పేరే మజిలీకి పెట్టిరి. 14వ శతాబ్దిలో అద్దంకి నేలిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును, అహోబలమునకును మెట్లు కట్టించెను. 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు ఆత్మకూరు మీదుగా శ్రీశైలమును దర్శించి, పిదప కృష్ణను దాటి హైదరాబాదు చేరిరి. 1838లో అచ్చయిన వారి కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకి దారి యెట్టిది, నీటి వసతి యెట్టిది, అంగళ్లు కలవా లేవా అను వివరములు కానవచ్చును. ప్రయాణమునకు ఏమి తెలిసికొనవలెనో నేర్చుకొనుటకు అంతకన్న మంచి పాఠము లేదు.

ఇక మన సన్నాహము. మొదటిది అనుమతి. ఈ యడవి 1978లో అభయారణ్యమై, 1983లో పులుల సంరక్షణ పథకములో చేరినది. 2014లో రాష్ట్ర విభజన పిదప కృష్ణకు ఉత్తరభాగము తెలంగాణలో అమ్రాబాదు పులుల అభయారణ్యముగను, దక్షిణభాగము ఆంధ్రప్రదేశ్‌లో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యముగను నిర్వహింపబడుచున్నవి. కావున ఇచ్చట నడచుట ఆంగ్లదేశమునందువలె హక్కు కాదు. పండుగ దినములలో లభించు అనుమతి. దారి యేనాడు తెరచెదరో, ఏ వేళల యందు నడువవచ్చునో అటవీశాఖయు, దేవస్థానమును ప్రకటించిన పిమ్మటనే దినము నిశ్చయించుకొనవలెను. అంత దూరము నడువజాలని వారికి చైత్రపూర్ణిమనాడు అమ్రాబాదు అడవిలోని సలేశ్వరము జాతర తగియుండును. హైదరాబాదునుండి శ్రీశైలము పోవు రహదారి వైపుననే యున్నది గనుక మనకు దగ్గర. నడక కొద్ది కిలోమీటర్లు మాత్రమే. కాని అదియు లోయలోనికి దిగి, మరల ఎక్కవలసిన దారి.

రెండవది దేహమును సిద్ధపరచుట. దీనికి ఆరు వారములు పట్టును. విద్యానగర్ వాసులకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము సమీపమున నుండుట భాగ్యము. విశ్వవిద్యాలయపు నిబంధనలకు లోబడి, ఉదయమున చెట్లనీడ గల ఆ బాటలపై 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల భవనము వరకు పోయి వచ్చుటతో అభ్యాసము మొదలిడవచ్చును. మొదటి వారము దినమునకు 4 కిలోమీటర్లు చాలును. చివరి రెండు వారములలో ఒక దినమైనను 12 లేక 15 కిలోమీటర్లు, యాత్రకు తీసికొనిపోవు సంచితోనే, ఆ పాదరక్షలతోనే నడువవలెను. కొత్త జోడు తొడిగి అడవికి పోరాదు. పొక్కులు మొదటి మజిలీలోనే కాలు పట్టును. ఇంటిలో లిఫ్టు ఉన్నను ఈ ఆరు వారములు దానిని మరచిపోవుడు. భీమునికొలనునకు దిగు మెట్లు మోకాళ్లను పరీక్షించును; అచ్చటినుండి కైలాసద్వారమునకు ఎక్కు మెట్లు గుండెను పరీక్షించును. హృద్రోగము, రక్తపోటు, మధుమేహము గలవారు వైద్యుని సంప్రదింపక బయలుదేరరాదు.

మూడవది కాలగణనము. స్కాట్లండు పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక సులభసూత్రము చెప్పెను. మెట్రిక్ లెక్కలో దానిని ఇట్లు చెప్పుకొనవచ్చును: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కవలసిన ప్రతి 600 మీటర్ల యెత్తునకు మరియొక గంట. ఉదాహరణమునకు 15 కిలోమీటర్ల దూరము, 600 మీటర్ల ఎక్కుడు ఉన్నచో నాలుగు గంటలు. కాని ఆ సూత్రము చల్లని దేశపు దృఢకాయులకై చెప్పినది. మన ఎండకు, బరువునకు సగము కలిపి ఆరు గంటలని లెక్కించుట క్షేమము. తెల్లవారుజామున 5 గంటలకు బయలుదేరినవాడు 11 గంటలకు నీడ చేరును. 8 గంటలకు బయలుదేరినవాడు మిట్టమధ్యాహ్నపు ఎండలో మెట్ల మధ్య చిక్కుపడును. 11 మొదలు 4 వరకు విశ్రాంతి విధిగా తీసికొనవలెను.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. ఆంగ్లదేశమున వసంతమనగా మోడులు చిగిర్చి నీడ పెరుగు కాలము. నల్లమలలో మాఘ ఫాల్గునములలో టేకు మొదలగు చెట్లు ఆకు రాల్చును. మోదుగు పూచి అడవి యెర్రబారును, ఇప్పపూవు రాలును, కనులకు పండుగయే. కాని తలపై నీడ యుండదు. కాలిక్రింద ఎండుటాకులు అగ్గికై కాచుకొనియుండును.

నాలుగవదియు, ముఖ్యమైనదియు నీరు. ఎండలో నడచువానికి గంటకు అర లీటరునకు తక్కువ కాకుండ కావలెను. లీటరు నీటి బరువు ఒక కిలో. ఆరు గంటల నడకకు మూడు లీటర్లు, ఆపదకు మరియొక లీటరు. వెరసి నాలుగు కిలోలు. నీటికిని నీటికిని నడుమ గల దూరమును బట్టి ముందుగా ఈ బరువును నిర్ణయించి, మిగిలిన సామానును దానికి లోబరచుకొనవలెను. మొత్తము బరువు మన దేహభారములో ఆరవవంతు దాటకుండుట మంచిది. పండుగ దినములలో మజిలీలవద్ద నీటి యేర్పాట్లు ఉండును. అయినను జనసమ్మర్దమున వానినే పూర్తిగ నమ్ముకొనరాదు. అడవిలో నిప్పు నిషేధము గనుక నీటిని కాచుకొను వీలు లేదు. కుంటనీరు పట్టవలసివచ్చినచో గుడ్డతో వడగట్టి, క్లోరిన్ బిళ్ల వేసి, అరగంట ఆగి త్రాగవలెను. లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపిన పానీయము అలసటకు మందు. చిన్న చెంచాతో, తలగొట్టి కొలువవలెను. తోడివాడు తడబడి మాటలాడినను, ఒడలు నిప్పువలె కాలినను అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒడలు తడిపి, విసరుచు వైద్యశిబిరమునకు కబురంపవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు.

ఆహారము విషయమున మన వంటింటికి తెలియనిది లేదు. మొదటి పూటకు పులిహోర, తరువాత అటుకులు, పేలపిండి, వేరుశనగ ఉండలు, సజ్జరొట్టెలు. ఇవి తేలిక, చెడవు, పొయ్యి నడుగవు. పలుచని నూలుబట్టలు, తలపాగ, చేతికర్ర, టార్చి, వాడుక మందులు ఉన్న చాలును. అడవిలో టెలిఫోను పలుకదు. ఏ దినమున ఎచ్చట నుందురో ఇంటివారికి వ్రాసి ఇచ్చిపోవుడు. ముందునాటి వాతావరణ సూచన విని బయలుదేరుడు.

దారి చేరుట కష్టము కాదు. విద్యానగర్ స్టేషనునుండి తరువాతి స్టేషనే కాచిగూడ. అచ్చట కర్నూలు రైలు దొరకును. కర్నూలునుండి నందికొట్కూరు మీదుగా ఆత్మకూరునకు బస్సులు కలవు.

ఇక చివరిమాట. ఈ యడవి చెంచుల ఇల్లు, పులి నివాసము. దారి తప్పి లోపలికి పోరాదు; వారి గూడెములలో అనుమతి లేక ఛాయాచిత్రములు తీయరాదు. ఆర్పని చుట్టముక్క ఒక్కటి కొండనంతను కాల్చగలదు. మనము విడిచిన ప్లాస్టిక్ సంచి జింక కడుపున చేరును. సబ్బుతో కొలనులో స్నానము చేసినచో, వెనుక వచ్చు వేలమంది ఆ నీటినే త్రాగవలసియుండును. మెట్లు కట్టించినవారును, నీటి చెంత మజిలీలు చూపినవారును తమ వంతు చేసిరి. మనకు దొరకినట్లే మన తరువాతివారికిని ఆ నీరు దొరకునట్లు నడచివచ్చుట మన వంతు.