వేసవి అడవిలో కాలినడక: దాహపు లెక్క

ఎడారి కొండలలో బరువు మోసికొని దినముల తరబడి నడచు బృందముల సంగతి విన్నపుడు, అది రాజస్థానమునకో అరేబియాకో చెందిన విషయమని తోచును. కాని చైత్రము మొదలు మృగశిర కార్తె వరకు ఖమ్మము, భద్రాచలము సరిహద్దు అడవులలో నడచువారికి ఎదురగు చిక్కులు ఎడారి చిక్కులకు మిక్కిలి దగ్గరివి. కొత్తగూడెము, భద్రాచలము ప్రాంతములలో మే నెల మధ్యాహ్నమున ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెంటీగ్రేడు దాటుట అరుదు కాదు. అడవి గదా, నీడ యుండునని అనుకొందురు. ఇది ఆకు రాల్చు అడవి. టేకు, నల్లమద్ది మున్నగు చెట్లు ఎండలు ముదురునాటికి మోడులై నిలుచును. ఎండ నేరుగా నేలను తాకును. వట్టి బండలును, వాగులలోని యిసుకయు 60 డిగ్రీలకు మించి కాగును. చెట్లుండియు నీడలేదు, వాగులుండియు నీరు కానరాదు.

శ్రీరామనవమికి భద్రాద్రికి కాలినడకన వచ్చు భక్తబృందములకు ఈ ఎండ తెలిసినదే. ఖమ్మమునుండి కొత్తగూడెము మీదుగా భద్రాచలము సుమారు 120 కిలోమీటర్లు. దినమునకు 30 చొప్పున నాలుగు దినముల నడక. అయితే రహదారి వెంట పల్లెలున్నవి, చలివేంద్రములున్నవి. రహదారి విడిచి కొండ యెక్కినచో ఆ సదుపాయము లేదు. గోదావరి నొరసికొని నిలిచిన పాపికొండల సీమను ఆంగ్లేయులు అడవిదున్నల పేరిట వ్యవహరించిరి. క్రిస్టాఫ్ హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు 1940 తరువాతి ఏండ్లలో అచటి కొండరెడ్ల నడుమ మెలగి, 1945లో వారినిగూర్చి గ్రంథము ప్రకటించెను. పాపికొండలు 1978లో అభయారణ్యముగాను, 2008లో జాతీయోద్యానముగాను ఏర్పడినవి. 2014లో భద్రాచలము చుట్టుపట్ల మండలములు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. కావున ఈ అడవిలో నడువదలచిన బృందము, దారి ఏ రాష్ట్రములో సాగునో చూచుకొని అచటి అటవీశాఖ అనుమతి పొందవలెను. స్థానికుడైన మార్గదర్శిని వెంట గొనవలెను. ఆ మార్గదర్శి చూపవలసినది దారి మాత్రమే కాదు, నీరు. ఎందువలననో తెలియుటకు కొంచెము లెక్క వేయవలెను.

అరువది కిలోల బరువుగల మనిషి, వీపున పండ్రెండు కిలోల మూటతో ఎగుడుదిగుడు బాటలో గంటకు నాలుగు కిలోమీటర్లు నడచుననుకొందము. అతని శరీరము గంటకు ఇంచుమించు 300 కిలోక్యాలరీల శక్తిని వ్యయము చేయును. అందు నాలుగవ వంతుకు మించి పనిగా మారదు. తక్కిన 225 కిలోక్యాలరీలు వట్టి వేడి. ఈ వేడి బయటికి పోనిచో, ఒక్క గంటలో శరీరపు ఉష్ణోగ్రత నాలుగైదు డిగ్రీలు పెరుగును. 37 నుండి 41కో 42కో పోవుట యనగా ప్రాణాపాయమే. చలికాలములో ఈ వేడి చర్మమునుండి గాలిలోనికి పోవును. కాని చర్మపు ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు మాత్రమే. గాలి అంతకంటె వేడిగా నున్నపుడు వేడి వెలుపలికి పోవుటకు మారుగా లోనికే ప్రవేశించును. అప్పుడు మిగిలిన ఉపాయము చెమట ఒక్కటియే. ఒక లీటరు చెమట చర్మముపై ఆవిరియగునపుడు సుమారు 580 కిలోక్యాలరీల వేడిని తీసికొనిపోవును. నడకవలన పుట్టిన వేడికి గంటకు అరలీటరుకు కొంత తక్కువయు, ఎండనుండి, కాగిన బండలనుండి వచ్చు వేడికి మరికొంతయు కావలెను. వెరసి గట్టి ఎండలో గంటకు లీటరు చెమట పోయినను వింత లేదు.

దినమునకు ఆరు గంటల నడక, తక్కిన వేళల చెమట, వంట కలిపి మనిషికి ఎనిమిది లీటర్ల నీరు వలయును. నాలుగు దినములకు ముప్పదిరెండు లీటర్లు, అనగా ముప్పదిరెండు కిలోలు. తన బరువులో సగమునకు మించినదానిని వీపున వేసికొని కొండ యెక్కువాడెవడు? ఎక్కినను ఆ బరువే మరింత చెమట పట్టించును. కాబట్టి నీటిని మోయుటకు హద్దు కలదు. ఒక దినపు మజిలీ ఎంత దూరమను ప్రశ్నకు జవాబు కాళ్ల బలములో లేదు. తరువాతి నీరు ఎచట దొరకునో అందులో నున్నది.

నీటిని పొదుపు చేసి, దాహమునకు అలవాటుపడిన సరిపోవునని చాలమంది నమ్మిక. ఇది ప్రమాదకరమైన నమ్మిక. రెండవ ప్రపంచయుద్ధ కాలమున రోచెస్టరు విశ్వవిద్యాలయపు శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ అడాల్ఫును, ఆయన సహచరులును కాలిఫోర్నియా ఎడారిలో సైనికులను నడిపించి పరిశీలించిరి. ఫలితములు 1947లో గ్రంథరూపమున వెలువడినవి. నీరు త్రాగకున్నంత మాత్రమున చెమట తగ్గదనియు, దాచిన నీరు తిత్తిలో నుండుటకంటె కడుపులో నుండుట మేలనియు తేలెను. మరియొక వింత: నీరు సమృద్ధిగా దగ్గర నున్నను, నడచుచున్న మనిషి పోయినంత త్రాగడు. దాహము వెనుకబడి యుండును. తిండికి కూర్చున్నపుడు గాని ఆ లోటు తీరదు. అందుచేత దాహము వేయువరకు ఆగక, గంటకు రెండు మూడు మారులు కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. వేడికి శరీరము అలవాటు పడుట నిజమే. దానికి ఒకటి రెండు వారములు పట్టును. కాని అలవాటుపడినవానికి చెమట ముందుగా పుట్టును, ఎక్కువగా పోయును, అందులో ఉప్పు తక్కువ. అనగా అతనికి కావలసిన నీరు తగ్గదు, పెరుగును.

వేళను ఎన్నుకొనుటలో అడవివారిని చూచి నేర్వవలసినది కలదు. ఇప్పపూవు ఏరువారు తెల్లవారుజామున లేతురు. తునికాకు కోతకు పోవువారు చీకటితో బయలుదేరి, పొద్దు ముదురకమునుపే కట్టలతో తిరిగి వత్తురు. బృందపు నడకయు అటులే సాగవలెను: తెల్లవారి నాలుగు గంటలకు మొదలు, పది లోపల ముగింపు, మిగిలినది సాయంకాలము.

ఇక నీరు. వాగు ఎండినదన్నచో పైన ప్రవాహము నిలిచినదని మాత్రమే అర్థము. యిసుక రేణువుల సందులలో నీరు చాలకాలము నిలుచును. పైపొర ఆరినపిమ్మట, అడుగు నీరు సన్నని సందులగుండ పైకి ప్రాకు దారి తెగిపోవును. ఆరిన యిసుకయే దుప్పటియై క్రింది నీటిని కాపాడును. వాగు మలుపులో వెలుపలి ఒడ్డు క్రింద, అడుగున బండగాని బంకమన్నుగాని యున్నచోట చెలమ తీసినచో నీరూరును. ఒడ్డున పచ్చని చెట్టు మరియొక గుర్తు. వాగుల వెంట పెరుగు తెల్లమద్దికి ఏరుమద్ది యను పేరు ఊరక రాలేదు. మొదట ఊరిన బురదనీరు తోడి పారబోసి, తేరినదానిని తీసికొందురు. యిసుక బురదను వడకట్టును గాని సూక్ష్మజీవుల నన్నిటిని ఆపజాలదు. కావున కాచి త్రాగవలసినదే.

తెల్లమద్దికి దాయాదియైన నల్లమద్ది కథ ఇంకను వింతైనది. మొసలి వీపువలె పగుళ్లువారిన బెరడు దాని ఆనవాలు. కొన్ని నల్లమద్ది చెట్ల మ్రానులో బొడిపెవలె ఉబ్బిన భాగముండును. అందు నీరు నిలువయుండును. 2024 మార్చిలో పాపికొండల జాతీయోద్యానములో కొండరెడ్లు చెప్పిన గుర్తునుబట్టి అటవీశాఖవారు ఒక చెట్టు బెరడును చీల్చగా నీరు ధారగా చిమ్మెను. దానికి ఘాటైన వాసన, పులుపు రుచి యున్నట్లు వార్తలు వచ్చినవి. కొన్ని పత్రికలు దీనిని మర్రిజాతి చెట్టుగా పేర్కొన్నవి. నల్లమద్ది కలపకు వ్యాపారములో నున్న ఆంగ్ల నామమే మర్రిజాతిలోని ఒక చెట్టునకును ఉండుటవలన వచ్చిన చిక్కు ఇది. ప్రతి నల్లమద్దిలోను నీరుండదు. చెట్టునకు గాయము చేయుట యాత్రికుల పనియు కాదు. ఇది కడపటి దిక్కుగా తెలిసియుండవలసినది మాత్రమే.

చెమటతో ఉప్పును పోవును. వట్టి నీటినే విస్తారముగా త్రాగినచో రక్తములో ఉప్పు పలుచబడి తలనొప్పి, వాంతులు, మూర్ఛ కలుగవచ్చును. ఉప్పువేసిన గంజి, జొన్న అంబలి, మజ్జిగ దీనికి చక్కని విరుగుడు. నీరు, ఉప్పు, తిండి మూడును ఒక్క గ్రుక్కలో దొరకును. అడవివారు వాడు ఎండు సొరకాయ బుర్ర తేలికైనది. వేడిని త్వరగా లోనికి రానీయదు.

బృందమునకు వేగము నిర్ణయింపవలసినవాడు అందరికంటె మెల్లగా నడచువాడు. ఇద్దరిద్దరు జతలుగా నడచి ఒకరి నొకరు గమనింపవలెను. మూత్రము ముదురు పసుపైనచో నీరు చాలలేదని అర్థము. మాట తడబడుట, పొంతనలేని పలుకులు, తూలుట కానవచ్చినచో అది వడదెబ్బ. తాను బాగుగానే యున్నానని ఆ మనిషి చెప్పును. వాని మాట వినరాదు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతయు తడిపి విసరవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. ఇట్టి వేళ త్రాగునీటిని ఒంటిపై పోయుటకు వెనుదీయరాదు; చల్లబరుచుటలో జాగైనకొలది ప్రాణమునకు ముప్పు. పిమ్మట వైద్యశాలకు చేర్చవలెను.

రాత్రి మజిలీ నీటికి దగ్గరగా నుండిన సుఖమని తోచును. కాని పొద్దు వాలినప్పుడును తెల్లవారుజామునను అదే మడుగునకు అడవిదున్నలు, ఎలుగులు వచ్చును. నిలిచిన మడుగులలో దోమలు పెరుగును; భద్రాచలము మన్యము మలేరియాకు పేరుపడినది. నీరు తెచ్చుకొని దూరముగా, ఎత్తున పండుకొనుట మంచిది. తొలకరి ముంగిట ఇది మరింత అవసరము. అప్పటికి గాలిలో తేమ పెరిగి, ఎండ కొంత తగ్గినను చెమట ఆవిరికాక కారిపోవును; కారిపోయిన చెమట ఒంటిని చల్లబరుపదు. అట్టి ఉక్క రాత్రి వాగు యిసుక మెత్తగా, చల్లగా పిలుచును. పైకొండలలో వాన పడినచో, క్రింద చినుకైన రాలకమునుపే ఆ యిసుకమీదికి వెల్లువ రాగలదు.