హక్కు అడక్కుండానే వస్తుంది, అనుమతి చెప్తేనే తెలుస్తుంది

ఏమర్రా, గోంగూర పచ్చడి మీద కాపీరైటు ఎవరికుందో చెప్పండి చూద్దాం. ఎవరికీ లేదు! ఎండుమిరపకాయలు వేయించి, ఆకు మగ్గబెట్టి, రెండూ కలిపి రోట్లో నూరడం ఎవరి సొత్తూ కాదు. అదే మీ అమ్మమ్మ ఆ పచ్చడి ముచ్చట్లన్నీ తన మాటల్లో రాసిందనుకోండి, ఆ రాత ఆవిడదే. పద్ధతిని ఎవరైనా వాడుకోవచ్చు, రాసిన మాటల్ని ఎత్తుకుపోకూడదు. కాపీరైటు కిటుకంతా ఇంతే.

ఇంకో తమాషా ఉంది. ఈ హక్కుకు దరఖాస్తు, ఫీజు, రిజిస్ట్రేషను ఏవీ తప్పనిసరి కావు. మీరు సరదాగా ఫోన్లో తీసిన ఫొటోకి కూడా నొక్కీనొక్కగానే హక్కు పుట్టేస్తుంది.

మరి ఎన్నాళ్లుంటుంది? 1710 నాటి ఇంగ్లండు చట్టం కొత్త పుస్తకానికి 14 ఏళ్లిచ్చింది, అప్పటికీ రచయిత బతికుంటే మరో 14. మన 1957 చట్టం రచయిత పోయాక 50 ఏళ్లంది. రవీంద్రనాథ్ టాగోర్ పోయింది 1941లో. విశ్వభారతి విశ్వవిద్యాలయం చేతిలో ఉన్న ఆయన రచనల గడువు తీరిపోయే వేళకి 1992 సవరణతో దాన్ని 60 చేశారు. ఆ లెక్కన 1915లో పోయిన గురజాడ రచనలు అందరివీ. 1983లో పోయిన శ్రీశ్రీ కవితలకి మాత్రం 2043 ఆఖరుదాకా అనుమతి కావాలి.

రచయితకి నాలుగు డబ్బులు రావాలి, కాదనను. కానీ అచ్చులో లేని పుస్తకానికి వారసులెవరో తెలియకపోతే, దాన్ని మళ్లీ వేసే ధైర్యం ఎవరికీ ఉండదు. చివరికి దాన్ని చదివేది చెదపురుగులే!

అందుకే కొందరు రచయితలు హక్కు వదులుకోకుండానే అనుమతి ముందే ఇచ్చేస్తున్నారు. అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు లారెన్స్ లెసిగ్ తదితరులు 2002లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు తెచ్చారు. వాటిలో షరతులు నాలుగు: నా పేరు చెప్పి వాడుకో, వ్యాపారానికి వద్దు, మార్చొద్దు, మార్చి పంచితే నువ్వూ ఇదే షరతుతో పంచు. ఈ నాలుగింటిలో ఒకదానితో ఒకటి పొసగేవి కలుపుకోవడమే. తెలుగు వికీపీడియా వ్యాసాలు పేరు చెప్పాలి, అదే షరతుతో పంచాలి అన్న లైసెన్సుతోనే నడుస్తున్నాయి. మండలి, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లకీ ఇలాంటిదే ఒక లైసెన్సుంది: పెళ్లిపత్రికకి వాడుకోవచ్చు, అక్షరాల వంపులు మార్చుకోవచ్చు, ఫాంటునొక్కదాన్నే అమ్ముకోకూడదు.

ఒక్క జాగ్రత్త. ఈ అనుమతి ఒకసారి ఇచ్చాక, తీసుకున్నవాళ్ల దగ్గర్నుంచి వెనక్కి లాక్కోలేరు. ఆలోచించుకునే ఇవ్వండి. ఇవ్వదలిస్తే మటుకు మీ ఊరి గుడి ఫొటో కిందో, మీరు రాసిన పాఠం చివరో ఆ ముక్క రాసిపెట్టండి. మీ మనసులో మాట చట్టానికి వినబడదు.