అడుగుకో అరిసె

బిడ్డ నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, పలికితే పంచదార చిలకలు, అడుగేస్తే అరిసెలు. ఇరుగుపొరుగుకు పంచే ఈ తీపితోనే మన అమ్మమ్మలు పిల్లల ఎదుగుదల లెక్క చూసుకునేవారు. పనికీ పిండివంటకీ మొదటి అక్షరం కలిసేలా కూర్చిన ఆ నేర్పంటే నాకు ఎంతో ఇష్టం. ఒకసారి వింటే చాలు, మరిచిపోం.

ఆ అరిసెలు పిల్లలు కష్టపడి సంపాదించుకున్నవే. న్యూయార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటుంటే వీడియో తీసి లెక్కపెట్టారు. సగటున గంటకు 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. 2012లో ఈ లెక్క వెలువడింది. ఆ పసి మోకాళ్ల చిప్పలు అప్పటికింకా మెత్తటి మృదులాస్థే. అవి ఎముకగా గట్టిపడటం రెండు నుంచి ఆరేళ్ల మధ్య మొదలవుతుంది. అరికాలి వంపు కూడా కొన్నేళ్లకు గానీ తేలదు. కాబట్టి నేలమీద తడి పాదం ముద్ర చదునుగా పడిందని దిగులు పడక్కర్లేదు.

‘పక్కింటి పాప పది నెలలకే నడిచింది, మనవాడు ఇంకా పట్టుకునే నిలబడుతున్నాడు’ అని మథనపడే తల్లులు ఎందరో. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌తో సహా ఐదు దేశాల పిల్లల్ని గమనించి 2006లో చెప్పిన మాట వినండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు సొంతంగా నడవడం 8 నెలలు దాటాక ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు, పదిహేడున్నర నెలల దాకా పట్టొచ్చు. నూటికి నలుగురు అసలు చేతులూ మోకాళ్ల మీద పాకనే లేదు!

ఇంకో దిగులు అన్నం దగ్గర. మొదటి ఏడాదిలో పుట్టినప్పటి బరువుకు మూడింతలైన బిడ్డ, రెండో ఏడాది మొత్తానికి పెరిగేది సుమారు రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదించగానే ఆకలీ తగ్గుతుంది. నిన్నటిదాకా గిన్నె ఖాళీ చేసినవాడు నాలుగు ముద్దలకే మూతి తిప్పేసుకునేది అందుకే. హుషారుగా ఆడుతూ, బరువు సరిగ్గా పెరుగుతుంటే ఆ నాలుగు ముద్దలే వాడికి చాలు. బతిమాలి, బెదిరించి కుక్కడం మానేద్దాం.

అమ్మ, పాప, బువ్వ, పప్పు. ఈ తొలి మాటలన్నీ పెదవులు కలిపితే వచ్చేవే. నాలుక తిరగాల్సిన ‘ర’ ఆలస్యంగా కుదురుతుంది. అందాకా రాముడు ‘లాముడే’.

బిడ్డ ముక్కు మీద తెలియకుండా కాటుక చుక్క పెట్టి అద్దం ముందు నిలబెట్టండి. ఏడాది పిల్లయితే అద్దంలోని పాపను ముద్దాడబోతుంది. ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య చాలామంది తమ ముక్కే తడుముకుంటారు. ‘నేను’ తెలిసే ఆ రోజుల్లోనే ‘నాది’ అనే మాటా వస్తుంది, అక్క బొమ్మ కోసం యుద్ధమూ మొదలవుతుంది.

నాలుగేళ్ల అక్క తగవు వేరు. ఇద్దరికీ సమానంగానే పాలు పోసినా, తమ్ముడి సన్నటి పొడుగు గ్లాసు చూసి ‘వాడికే ఎక్కువ’ అంటుంది. అది పేచీ అనుకోకండి, ఆ కంటికి నిజంగానే ఎక్కువగా కనబడుతుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జాన్ పియాజే సరిగ్గా ఇలాంటి గ్లాసులతోనే దీన్ని పరీక్షించి చూపించాడు. ఆరేడేళ్లు వచ్చాక గానీ గ్లాసు మారినా పాలు మారవని తెలియదు. అందాకా ఇంట్లో రెండు ఒకేరకం గ్లాసులు కొనుక్కోవడమే మేలు.

తనకు తెలిసింది అమ్మకు తెలియకపోవచ్చు అన్న ఊహ కూడా దాదాపు ఈ నాలుగేళ్లప్పుడే కుదురుకుంటుంది. మూతికి బెల్లం అంటించుకుని ‘నేను తినలేదు’ అన్నప్పుడు కోప్పడే ముందు ఒక్క క్షణం ఆగండి. ఎదుటివాళ్లకూ మనసు ఒకటుందని ఆ పిల్లకు తెలిసింది.

అలా చెప్పి నవ్వేస్తుందే, ఆ నవ్వులో కనిపించే పాలపళ్లు మొత్తం 20. చిగుళ్ల లోపల, కనబడకుండా, ఆరో ఏట రావాల్సిన పళ్లు అప్పటికే తయారవుతున్నాయి.