డెమో క్లాస్‌లో ఎక్కువ మాట్లాడాల్సింది ఎవరు?

పగలు చదువో, జాబో చేసుకుంటూ సాయంత్రం రెండు గంటలు స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తే రూమ్ రెంట్ అయినా వస్తుంది కదా అని మనలో చాలామంది అనుకుంటాం. అమీర్‌పేటలోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఏదో ఇన్‌స్టిట్యూట్‌కి రెజ్యూమే ఇస్తే, వాళ్ళు ముందు అనేది ఒకటే మాట: "ఒక డెమో ఇవ్వండి." ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

నా మొదటి డెమో ఫెయిల్. టైమ్ 20 నిమిషాలు. నేను ప్రెజెంట్ పర్ఫెక్ట్ టెన్స్ తీసుకున్నా. బోర్డు నిండా ఫార్ములాలు రాసి, గడగడా చెప్పేసి, చివర్లో "అర్థమైందా అండీ?" అన్నా. అందరూ తల ఊపారు. నాకు జాబ్ వచ్చేసినట్టే అనుకున్నా. బయటికొచ్చాక కోఆర్డినేటర్ మేడమ్ అడిగారు: "బాబూ, నీ ఇంగ్లీష్ బాగుంది. కానీ ఇంతసేపట్లో వాళ్ళు ఎన్ని వాక్యాలు మాట్లాడారు?"

లెక్కేసుకున్నా. ఒక్కటీ లేదు.

అప్పుడు అర్థమైంది. డెమోలో మన నాలెడ్జ్‌ని చూడరు అనను, చూస్తారు. కానీ అంతకంటే ఎక్కువగా, మన ముందు కూర్చున్నవాళ్ళు నోరు తెరుస్తున్నారా లేదా అని చూస్తారు. టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చే చోట దీన్ని టీచర్ టాకింగ్ టైమ్ అంటారు. అది ఎంత తగ్గితే, నేర్చుకునేవాళ్ళకి మాట్లాడే టైమ్ అంత పెరుగుతుంది.

రెండో డెమోకి చిన్న విషయం ఒక్కటే తీసుకున్నా. మనవాళ్ళు చాలామంది "ఐ డిడ్ నాట్ వెంట్" అంటారు కదా, అదే. "గో" అనాలని రూల్ చెప్పేసి వదిలేస్తే రేపటికి మర్చిపోతారు. అందుకే తెలుగులోంచి మొదలుపెట్టా. "వెళ్ళాను" అంటాం. లేదని చెప్పాలంటే "వెళ్ళాను లేదు" అంటామా? అనం. "వెళ్ళలేదు" అంటాం. "లేదు" రాగానే "వెళ్ళాను"లో ఉన్న ఆ "ఆను" పోయింది. ఇంగ్లీష్‌లోనూ దాదాపు అంతే. జరిగిపోయిన కాలాన్ని "డిడ్" మోస్తుంది కాబట్టి "వెంట్" మళ్ళీ "గో" అయిపోతుంది. ఇది చెప్పగానే ఒక పెద్దాయన నవ్వేశారు. "ఇన్నేళ్ళూ నాకు ఎవరూ ఇలా చెప్పలేదయ్యా" అన్నారు.

20 నిమిషాలని ఇలా పంచుకున్నా. 2 నిమిషాలు పరిచయం, అందరి పేర్లు బోర్డు మూలన రాసుకోవడం. 4 నిమిషాలు ఒక సందర్భం: నిన్న ఆఫీసుకి రాలేదు, మేనేజర్ ఎందుకని అడుగుతున్నాడు. 3 నిమిషాలు వివరణ. 8 నిమిషాలు ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి ఒకరిని మేనేజర్, ఒకరిని ఉద్యోగి చేసి మాట్లాడించడం. చివరి 3 నిమిషాలు తప్పులు సరిచేయడం. చూడండి, సగానికి దగ్గరగా వాళ్ళ మాటలే.

ఇంకో విషయం. "అర్థమైందా?" అని అడగడం మానేయండి. మన దగ్గర ఆ ప్రశ్నకి పెద్దవాళ్ళెవరూ "కాలేదు" అనరు, పరువు అడ్డొస్తుంది. దాని బదులు చిన్న ప్రశ్నలు వేయండి. "ఐ డిడ్ నాట్ గో" అన్నారు, అంటే ఈయన వెళ్ళారా లేదా? ఇది నిన్నటి మాటా, రేపటి మాటా? జవాబు సరిగ్గా వస్తే అర్థమైనట్టే.

తప్పుల దగ్గర ఇంకా జాగ్రత్త. మీ ముందు కూర్చునేది స్కూల్ పిల్లలు కాదు. షాపు నడిపే అన్న ఉంటారు, పిల్లల స్కూల్ మీటింగ్‌లో మాట్లాడాలని వచ్చిన అక్క ఉంటారు, అమెరికాలో కోడలితో మాట్లాడాలనుకునే అంకుల్ ఉంటారు. నలుగురిలో ఆపి "తప్పు" అంటే రేపు క్లాస్‌కి రారు. వాళ్ళు మాట్లాడుతున్నప్పుడు తప్పుల్ని కాగితం మీద రాసుకోండి. తర్వాత పేర్లు చెప్పకుండా బోర్డు మీద పెట్టి, అందరితో కలిసి సరిచేయించండి. కొన్నిచోట్ల స్టాఫే స్టూడెంట్స్‌లా కూర్చుని కావాలని తప్పులు మాట్లాడతారు. వాళ్ళు చూసేది, మీకు ఆ తప్పు వినిపించిందా, దాన్ని ఎంత మర్యాదగా సరిచేశారు అనేదే.

చివరిగా, నేను మోసపోయిన సంగతి కూడా చెప్తా. ఒకచోట "డెమో" అని పిలిచి, ఫీజు కట్టిన బ్యాచ్‌కి వరుసగా మూడు రోజులు ఫుల్ క్లాసులు చెప్పించుకున్నారు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. అది డెమో ఎలా అవుతుంది? నా పని ఫ్రీగా తీసుకున్నారు, అంతే. అందుకే వెళ్ళేముందే మొహమాటం లేకుండా అడగండి: ఎన్ని నిమిషాలు? ముందు ఎవరు కూర్చుంటారు, వాళ్ళ లెవెల్ ఏంటి? సెలెక్ట్ అయితే గంటకి ఎంత, ఏ తేదీన ఇస్తారు? వాట్సాప్‌లో అడిగితే ఇంకా మంచిది, జవాబు రాతలో ఉంటుంది.

రెండో డెమోలో నాకు టైమ్ సరిపోలేదు, ఆఖర్లో కాస్త తడబడ్డా. అయినా సాయంత్రం బ్యాచ్ ఇచ్చారు. ఎందుకంటే ఆ పెద్దాయన వెళ్తూ వెళ్తూ మేడమ్‌తో ఇంగ్లీష్‌లోనే అన్నారట, "ఐ డిడ్ నాట్ గెట్ బోర్డ్" అని. అంతకంటే రికమెండేషన్ ఏం కావాలి చెప్పండి?

సరే ఫ్రెండ్స్, డెమోకి వెళ్తున్నవాళ్ళకి ఆల్ ది బెస్ట్. మళ్ళీ కలుద్దాం.