మూడు నక్షత్రాల వంటగది, కొల్లేటి చేపలు

జర్మనీలో బయర్స్‌బ్రొన్ అని కొండలూ అడవుల మధ్య ఓ చిన్న ఊరుంది. అక్కడి ఒక హోటల్ వంటగదికి హరాల్డ్ వోల్‌ఫార్ట్ దశాబ్దాల పాటు పెద్దగా ఉన్నారు. 1992 చివర్లో ఆయన వంటకు మిషెలిన్ మూడు నక్షత్రాలు వచ్చాయి. 2017లో తప్పుకునే దాకా ఒక్క ఏడాదీ పోలేదు.

మిషెలిన్ టైర్ల కంపెనీ. జనం కార్లలో ఎక్కువ తిరిగితే టైర్లు ఎక్కువ అమ్ముడవుతాయని 1900లో ఫ్రాన్స్‌లో ఒక దారిపుస్తకం వేసింది. తర్వాత అందులో హోటళ్లకు నక్షత్రాలివ్వడం మొదలైంది. ఒకటుంటే వంట బాగుందని, రెండుంటే దారి మళ్లైనా వెళ్లొచ్చని, మూడుంటే ఆ భోజనం కోసమే ప్రయాణం కట్టొచ్చని అర్థం. పేరు చెప్పకుండా వచ్చి, తిని, డబ్బు కట్టి పోయేవాళ్లు తేలుస్తారు. ఏటా మళ్లీ చూస్తారు కనుక తెచ్చుకోవడం కన్నా నిలుపుకోవడం కష్టం.

జర్మనీలో వంటపని నేర్వడానికి మామూలుగా మూడేళ్లు పడుతుంది. హోటల్లో జీతం తీసుకుంటూ పని చేస్తారు, మధ్యమధ్య వృత్తి బడికి వెళ్తారు, చివర పరీక్ష రాస్తారు. ఆ పైన పెద్ద వంటగదుల్లో చేపలు, మాంసం, కూరలు, తీపి అంటూ విభాగాలు తిరుగుతారు. మన పెళ్లివంటల్లో పులుసు రుచి పెద్దవంటాయనే చూసినట్టు, అక్కడ సాసులు చూసేవాడికి పెద్దపీట. గంటల తరబడి ఎముకలు మరిగించి చిక్కబరిచిన రసం చెడితే వడ్డించే వేళకు మరొకటి సిద్ధం కాదు మరి.

వోల్‌ఫార్ట్ జీవితంలో నన్ను కట్టిపడేసేది శిష్యుల సంగతి. క్రిస్టియన్ బావు, క్లాస్ ఎర్ఫోర్ట్, టోమాస్ బ్యూనర్, కెవిన్ ఫేలింగ్ ఆయన దగ్గర పనిచేసి వెళ్లి, తమ తమ చోట్ల మూడేసి నక్షత్రాలు తెచ్చుకున్నారు. 2020 జనవరిలో వోల్‌ఫార్ట్ పనిచేసిన ఆ భోజనశాల కాలిపోయింది. ఆయన తర్వాత పగ్గాలందుకున్న టోర్‌స్టెన్ మిషెల్ కొత్త కట్టడంలోనూ అదే స్థాయి నిలబెట్టారు.

ఇక మన కొల్లేరు వైపు వస్తే, కొల్లేటికోట చుట్టుపట్ల చేపకు కొదవ లేదు. శీలావతి, బొచ్చె మంచు పెట్టెల్లో లారీలెక్కి బెంగాల్, అస్సాం వెళ్తాయి. కొర్రమీను, బొమ్మిడాయిలు పులుసు పెట్టడం తెలిసిన చేతులు ఇంటింటా ఉన్నాయి. కానీ ఆ చేతిపనిని జీతమిచ్చి, ఏళ్ల తరబడి నేర్పే చోటు నా ఎరుకలో లేదు. 1961 నుంచి మనకూ అప్రెంటిస్ చట్టం ఉంది, ఐటీఐల్లో ఫుడ్ ప్రొడక్షన్ ట్రేడూ ఉంది. కైకలూరు, ఆకివీడు, ఏలూరు హోటళ్లు ఆ దారిలో ఇద్దరేసి పిల్లల్ని చేర్చుకుని కొల్లేటి పులుసులు నేర్పవచ్చు. పిల్లలకు సర్టిఫికెట్ వస్తుంది, నేర్పిన పెద్దవాళ్లకు గురువన్న పేరూ దక్కుతుంది.