కన్ను – కెమెరా – కళ్లజోడు



వార్షికోత్సవ సంచికకు సైన్సు వ్యాసం ఒకటి కావాలని అడిగినప్పుడు, పరీక్షకు తప్ప ఎందుకూ పనికిరాదనుకునే పాఠం ఒకటి తీసుకుని, అది బతుక్కు ఎలా పనికొస్తుందో చెబుదామనుకున్నాను. ఆ పాఠం పదో తరగతి భౌతికశాస్త్రంలో ఉంది. కటకాలు, నాభ్యంతరం, డయాప్టర్.

మన రొద్దం హాస్టల్లో చదివి వెళ్లినవాళ్లలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం స్టూడియోల్లో పనిచేస్తూ పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు ఫోటోలు తీసే అన్నలు ఉన్నారు. ఇక్కడ ఇంకా చదువుతున్న తమ్ముళ్లలో బోర్డు మీది అక్షరాలు కనబడక పక్కవాడి నోట్సు చూసి రాసుకునేవాళ్లు ఉన్నారు. ఒకరిది కెమెరా గొడవ, ఒకరిది చదువు గొడవ అనిపిస్తుంది. నిజానికి ఇద్దరిదీ ఒకటే సమస్య. అదేమిటో కెమెరా వైపు నుంచి మొదలుపెట్టి చెబుతాను.

డయాప్టర్ అంటే ఏమిటి?

కటకం సామర్థ్యాన్ని డయాప్టర్లలో కొలుస్తారు. 100ని సెంటీమీటర్లలో ఉన్న నాభ్యంతరంతో భాగిస్తే వచ్చేదే డయాప్టర్. నాభ్యంతరం 50 సెం.మీ. అయితే 2 డయాప్టర్లు, 100 సెం.మీ. అయితే 1 డయాప్టర్. మనం ఊళ్లో 'సైటు', 'పవర్', 'నంబరు' అని పిలిచేది దీన్నే. మైనస్ ఉంటే పుటాకార కటకం, ప్లస్ ఉంటే కుంభాకార కటకం.

ఈ లెక్క తిరగేస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. సైటు మైనస్ 2 ఉన్నవాడికి అద్దాలు లేకుండా 100/2, అంటే 50 సెంటీమీటర్ల వరకే స్పష్టంగా కనబడుతుంది. మైనస్ 3 ఉన్నవాడికి సుమారు 33 సెంటీమీటర్లే. అది దాటితే అంతా మసకే. పుస్తకం బాగా కనబడి బోర్డు కనబడకపోవడానికి కారణం ఇదే.

నలభై దాటాక వచ్చే చత్వారం దీనికి భిన్నం. దూరం బాగానే కనబడుతుంది, దగ్గరిది కనబడదు. ధర్మవరంలో మగ్గం మీద జరీ పోగు చూసుకునే నేత కార్మికుడికి నలభై అయిదేళ్లకు ప్లస్ అద్దాలు కావలసిరావడం ఇందువల్లనే.

రేంజ్‌ఫైండర్ కెమెరా కథ

ఇప్పుడు కెమెరాకు వద్దాం. సెల్‌ఫోన్లు రాకముందు, అద్దం టపటపా లేచి పడే ఎస్ఎల్ఆర్ కెమెరాలు ఊరూరా చేరకముందు, రేంజ్‌ఫైండర్ అనే రకం కెమెరాలు ఉండేవి. జర్మనీకి చెందిన లైకా కంపెనీ 1932లో తెచ్చిన లైకా–2లో రేంజ్‌ఫైండర్‌ను లెన్సుతో కలిపారు. 1954లో వచ్చిన ఎం3 మోడల్‌లో ఫ్రేము చూసుకునే కిటికీ, దూరం చూసుకునే కిటికీ ఒకటయ్యాయి. జపాను యాషికా కంపెనీ 1966లో ఎలక్ట్రో 35 అనే కెమెరా తెచ్చింది. లైకా ధర మనబోటి వాళ్లకు అందేది కాదు. యాషికా లాంటివి మాత్రం పాత స్టూడియోల బీరువాల్లో ఈనాటికీ ఒకటీ అరా కనబడతాయి.

ఇది మన రెండు కళ్ల మాదిరే పనిచేస్తుంది. ముక్కుకు ఎదురుగా వేలు పెట్టి ఒక కన్ను మూసి, మళ్లీ రెండో కన్ను మూసి చూడండి. వేలు అటూ ఇటూ జరిగినట్టు ఉంటుంది. వేలు దగ్గరగా ఉంటే ఎక్కువ, దూరంగా ఉంటే తక్కువ జరుగుతుంది. రేంజ్‌ఫైండర్ కెమెరా ముందు భాగంలోనూ ఎడంగా రెండు చిన్న కిటికీలు ఉంటాయి. రెండింటి బొమ్మలూ లోపలి అద్దాల ద్వారా మన కంటి ముందుకు వస్తాయి. మధ్యలో చిన్న మెరుపు మచ్చలో మనిషి ముఖం రెండుగా కనబడుతుంది. లెన్సు రింగు తిప్పుతూ పోతే ఆ రెండూ దగ్గరికి జరిగి ఒకటవుతాయి. ఒకటైన చోట ఫోకస్ కుదిరినట్టు లెక్క.

గమనించవలసింది ఇక్కడే ఉంది. ఎస్ఎల్ఆర్‌లో అయితే లెన్సు పంపిన బొమ్మే కంటికి కనబడుతుంది. ఫోకస్ తప్పితే బొమ్మే మసకబారి మనకు చెబుతుంది. రేంజ్‌ఫైండర్‌లో అలా చెప్పేవాళ్లు లేరు. లెన్సు ఎక్కడున్నా కిటికీలో బొమ్మ ఒకే మాదిరి ఉంటుంది. రెండు గీతలు ఒకటయ్యాయా లేదా అని తేల్చవలసింది మన కన్నే. ఆ కన్నుకే మసక ఉంటే, కలవని గీతలు కలిసినట్టు కనబడతాయి. ఫిల్ము కడిగాక గానీ తెలియదు. అప్పుడు 'కెమెరా పాడైంది' అంటాం, రిపేరుకు ఇస్తాం. కెమెరాలో ఏమీ ఉండదు.

కిటికీకి కూడా ఒక నంబరు ఉంది

లైకా ఎం కెమెరాల కిటికీని ఫ్యాక్టరీలో మైనస్ 0.5 డయాప్టర్‌కు అమరుస్తారు. అంటే లోపలి బొమ్మ మన కంటికి 2 మీటర్ల దూరంలో ఉన్నట్టు కనబడుతుంది (100/0.5 = 200 సెం.మీ.). మామూలు చూపు ఉన్నవాడికి ఇది సుఖంగా ఉంటుంది. మైనస్ 2 ఉన్నవాడికి అర మీటరు దాటితే మసక కదా, 2 మీటర్ల దగ్గరి బొమ్మ ఎలా కనబడుతుంది?

దీనికి మూడు మార్గాలు ఉన్నాయి.

మొదటిది, కళ్లజోడు పెట్టుకునే చూడటం. అన్నింటికన్నా సులువు. అయితే కన్ను కిటికీకి కొంచెం దూరమవుతుంది, కాబట్టి వెడల్పు లెన్సు వేసినప్పుడు ఫ్రేము అంచులు కనబడవు. ఇనుప రింగు తగిలి అద్దాల మీద గీతలు పడతాయి. రింగుకు పలుచని రబ్బరు అంటిస్తే ఆ బాధ తప్పుతుంది.

రెండోది, కిటికీకే పవర్ గ్లాసు బిగించడం. లైకా వారు ప్లస్ 3 నుంచి మైనస్ 3 దాకా ఇలాంటి చిన్న మరగ్లాసులు తయారుచేశారు. కిటికీలో ముందే మైనస్ 0.5 ఉంది కాబట్టి లెక్క జాగ్రత్తగా వేయాలి. దూరపు చూపు నంబరు మైనస్ 2 అయితే బిగించవలసింది మైనస్ 1.5. దూరపు నంబరు ప్లస్ 1 అయితే ప్లస్ 1.5. సోవియట్ జోర్కి–4 కెమెరాలో అయితే విడి గ్లాసు అక్కర్లేదు. ఫిల్ము వెనక్కి చుట్టే మీట చుట్టూ ఒక చిన్న పిడి ఉంటుంది, దాన్ని జరిపితే చాలు. యాషికా ఎలక్ట్రోలో ఈ సౌకర్యం లేదు. అద్దాల షాపులో పాత పవర్ గ్లాసును చిన్నగా, గుండ్రంగా అరగదీయించి రింగులో కూర్చుకోవచ్చు.

నడివయసు అన్నలకు ఇక్కడ ఒక హెచ్చరిక. చదువుకునే అద్దాల నంబరును కిటికీకి వాడకూడదు. బొమ్మ ఉన్నది 2 మీటర్ల దూరంలో, పుస్తకం దూరంలో కాదు. ఎప్పుడూ దూరపు నంబరే చూసుకోవాలి.

మూడోది, కిటికీకి మాగ్నిఫయర్ బిగించడం. చాలామంది పొరపడేది ఇక్కడే.

భూతద్దం చేసేది, చేయలేనిది

లైకా ఎం కెమెరాల్లో రెండు కిటికీల మధ్య దూరం సుమారు 69 మిల్లీమీటర్లు. కిటికీ బొమ్మను 0.72 రెట్లుగా చూపిస్తుంది. ఈ రెండూ గుణిస్తే సుమారు 50. దూరాన్ని ఎంత కచ్చితంగా పట్టగలమో చెప్పే అంకె ఇది. దీనికి 1.25 రెట్ల మాగ్నిఫయర్ బిగిస్తే 62 అవుతుంది. 1.4 రెట్లది బిగిస్తే 70 అవుతుంది, బొమ్మ దాదాపు అసలు సైజులో కనబడుతుంది. 75, 90 మి.మీ. లెన్సులతో, అపర్చర్ బాగా తెరిచి ముఖాలు తీసేటప్పుడు ఇది ఎంతో ఉపయోగం. 28, 35 మి.మీ. లెన్సులకు మాత్రం తీసేయాలి, ఫ్రేము అంచులు కనబడవు.

మంచిదే. కానీ మసక కంటికి మాగ్నిఫయర్ బిగిస్తే ఏమవుతుంది? మసకే పెద్దదవుతుంది. పెద్దగా చూపించడం ఒక పని, స్పష్టంగా చూపించడం ఇంకో పని. ముందు కంటి నంబరు సరిచేసుకోవాలి, ఆ తర్వాతే మాగ్నిఫయర్.

ఈ మాట చదువుకునే తమ్ముళ్లకు కూడా వర్తిస్తుంది. బోర్డు కనబడలేదంటే మనం సాధారణంగా ఏం చేస్తాం? ముందు బెంచీకి మారతాం. ముందు బెంచీ మాగ్నిఫయర్ లాంటిది. అక్షరం పెద్దదవుతుంది, అంతే. మైనస్ 2 ఉన్న కుర్రవాడికి రెండు మీటర్ల దగ్గరి బోర్డు కూడా మసకే. ఏదో ఊహించుకుని రాసుకుంటాడు. 3 అనుకున్నది 8 అవుతుంది, లెక్క తప్పుతుంది, 'మొద్దు' అని పేరొస్తుంది. కొన్నాళ్లకు వాడూ ఆ మాట నమ్ముతాడు. పాడుకాని కెమెరాను రిపేరుకు ఇవ్వడం లాంటిదే ఇదీ.

ఇప్పటి కెమెరాలు వాడే అన్నలకు

మీ చేతిలోని డీఎస్ఎల్ఆర్, మిర్రర్‌లెస్ కెమెరాలకు కిటికీ పక్కన సన్నని చక్రం ఉంటుంది. అది డయాప్టర్ చక్రం. కెమెరాను తెల్లగోడ వైపు పెట్టి, దృశ్యాన్ని కాకుండా లోపలి అంకెలనూ ఫోకస్ చుక్కలనూ చూస్తూ, అవి చురుగ్గా కనబడేదాకా తిప్పండి. ఆటోఫోకస్‌కు దీనితో సంబంధం లేదు. కానీ ఫోకస్ పెళ్లికూతురి కంటి మీద పడిందా, వెనకాల పూలదండ మీద పడిందా అని చూసుకోవాలంటే మీకు లోపల స్పష్టంగా కనబడాలి. ఒకే కెమెరా ఇద్దరు వాడుతుంటే, చేయి మారినప్పుడల్లా చక్రం చూసుకోవాలి.

అద్దాల చీటీ చదవడం

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. అద్దాల చీటీ ఇంటికొస్తే అందులో ఏముందో చెప్పేవాళ్లు ఉండేవారు కాదు, షాపువాడి మాటే వేదం. మీ ఇళ్లలోనూ చాలావాటిలో ఇదే పరిస్థితి ఉంటుంది, అందుకే రాస్తున్నాను. చీటీలో కుడి కన్ను, ఎడమ కన్ను విడివిడిగా ఉంటాయి. 'స్ఫియర్' కింద ఉన్నది అసలు నంబరు. 'సిలిండర్', 'యాక్సిస్' కింద అంకెలుంటే కంటి ముందు పొర వంపు అన్ని వైపులా సమంగా లేదని అర్థం. 'యాడ్' అన్నది చదువుకోవడానికి అదనంగా కలిపేది. కెమెరాకు ఏ కన్ను పెడతారో ఆ కంటి నంబరే చూసుకోవాలి. సిలిండర్ ఎక్కువగా ఉంటే కిటికీ గ్లాసుతో పని జరగదు, కళ్లజోడుతోనే చూడాలి.

హాస్టల్లోనే చేసుకోగల రెండు పరీక్షలు

ఒకటి: తెల్లకాగితం మీద 9 మిల్లీమీటర్ల ఎత్తున, లావుగా కొన్ని అక్షరాలు రాయండి. మంచి వెలుతురులో గోడకు అంటించి, 6 మీటర్లు, అంటే సుమారు 20 అడుగుల దూరం నుంచి ఒక్కో కన్ను మూసి చదవండి. డాక్టరు గారి బోర్డులో 6/6 వరుస ఇంగ్లీషు అక్షరాలు దాదాపు ఇంత ఎత్తే ఉంటాయి. ఇంట్లో రాసుకున్నది అంత కచ్చితం కాదు గానీ, మీ పక్కవాడు చదివింది మీరు చదవలేకపోతే పరీక్ష చేయించుకోవలసిందే.

రెండు: అట్టముక్కకు గుండుసూదితో సన్నని రంధ్రం చేసి, అందులోంచి అవే అక్షరాలు చూడండి. స్పష్టత పెరిగితే, మీ లోపం చాలావరకు అద్దాలతో సరిపోయేదని అర్థం. పెరగకపోతే వేరే కారణం ఉండవచ్చు, ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించండి. ఈ రెండూ అనుమానం తీర్చుకోవడానికే, అద్దాల నంబరు మాత్రం కంటి పరీక్షలోనే తేలాలి.

ఖర్చు గురించి భయపడవద్దు. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో మొదలైంది. బడి పిల్లల కళ్లు పరీక్షించి ఉచితంగా అద్దాలివ్వడం అందులో ఒక భాగం. 2019 అక్టోబరు 10న, ప్రపంచ దృష్టి దినోత్సవం నాడు, వైఎస్సార్ కంటి వెలుగు మన అనంతపురంలోనే ప్రారంభమై మొదట బడి పిల్లలనే పరీక్షించింది. అప్పుడు చూపించుకున్నాం కదా అని ఊరుకోకూడదు. ఎదిగే వయసులో నంబరు మారుతుంది, ఏడాదికొకసారి చూపించుకోవాలి. హిందూపురం ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. పుట్టపర్తి దగ్గర ప్రశాంతిగ్రామంలో 1991లో మొదలైన పెద్దాసుపత్రిలో కంటి వైద్యం ఉచితం.

ఇక చివరి అడ్డంకి మన నోళ్లే. 'సోడాబుడ్డి', 'నాలుగు కళ్లోడు' అని ఎగతాళి చేస్తారని అద్దాలు ట్రంకుపెట్టెలో దాచుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. అద్దాలు పెట్టుకుంటే సైటు పెరుగుతుందని ఇళ్లలో భయపెడతారు. అది నిజం కాదు. పిల్లవాడు ఎదిగేకొద్దీ కంటిగుడ్డు పొడవు పెరగడం వల్ల నంబరు పెరుగుతుంది గానీ అద్దాల వల్ల కాదు.

లక్షలు పెట్టి కొన్న లైకా యజమాని కూడా తన కంటికి తగిన గ్లాసు కిటికీకి బిగించుకున్నాకే ఫోటో తీస్తాడు. దాన్ని ఎవరూ నామోషీ అనుకోరు. తమ్ముళ్లూ, ఈ వారమే గోడకు కాగితం అంటించండి. ఏ తమ్ముడు చదవలేకపోతే ఆ తమ్ముడి పేరు వార్డెన్ సారుకు చెప్పండి. అన్నలు ఎవరైనా ఒక ఆదివారం వచ్చి ఆ పిల్లలను హిందూపురం తీసుకెళ్లి చూపించి తెస్తే, హాస్టల్‌కు ఇంతకన్నా మంచి వార్షికోత్సవ కానుక ఉండదు.

— పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (ఫిజిక్స్)